గ్యాలరీ ఎవరి కోసం? - హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో ప్రేక్షకుని స్థానం

పాత ఫుట్‌బాల్ మైదానంలో గ్యాలరీని పెంచి మరింతమంది జనానికి చోటు కల్పించాలనే మాట వినడానికి న్యాయంగానే వుంటుంది. జనం పెరిగారు, చోటు చాలడం లేదు, కాబట్టి మెట్లు పెంచాలి. లెక్కల మాస్టారు నల్లబల్ల మీద వేసి చూపించే కూడికలాగా కనిపిస్తుందిది. కాని చరిత్ర విద్యార్థి యీ లెక్కను ఇంత తేలికగా ఒప్పుకోలేడు. ఆ మెట్లు ఎవరి డబ్బుతో కడతారు, వాటి మీద కూర్చునే స్తోమత ఎవరికి వుంటుంది, కూర్చున్నవారికి కనిపించే ఆట ఎవరిది - యీ ప్రశ్నలను వదిలిపెట్టి గ్యాలరీ చరిత్ర రాయడమంటే కోట చరిత్రను రాళ్ల కొలతలతో సరిపెట్టడం వంటిది.

నేను పాఠం చెప్పే కాలేజీ అమీర్‌పేటకు దగ్గర. మైత్రీవనం చుట్టుపక్కల సందులలో ఏ గోడ చూసినా కంప్యూటరు కోర్సుల ప్రకటనలే. జిల్లాలనుండి వచ్చిన రైతుల, కూలీల, చిన్న వుద్యోగుల బిడ్డలు ఒక్కొక్క హాస్టలు గదిలో నలుగురైదుగురు సర్దుకుని, పగలంతా కోచింగు సెంటర్లలో గడుపుతున్నారు. ఇంతమంది యువకులున్న యీ పేటలో బంతి తన్నుకోవడానికి ఖాళీ నేల కోసం వెతికితే దొరకడం కష్టం. దొరికేది గంట లెక్కన అద్దెకిచ్చే వలల పంజరం. ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ వల, గంటకు ఇంత అని రేటు. దానికి ‘టర్ఫ్’ అని పేరు. అలాంటి చోట ఆడి వచ్చిన మా విద్యార్థి ఒకడు ఒకనాడు నన్ను అడిగాడు: "సార్, మన హైదరాబాదులో స్టేడియం ఇంకా పెద్దగా కడితే ఫుట్‌బాల్ మళ్లీ బాగుపడదా?"

ఆనాడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. చెప్పవలసిన జవాబు చరిత్రలో వున్నదని తరువాత అర్థమయింది.

1

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటి అసెంబ్లీ స్టేషనులో దిగి కొద్దిదూరం నడిస్తే లాల్ బహదూర్ స్టేడియం వస్తుంది. పాతవారు ఇప్పటికీ దానిని ఫతే మైదాన్ అనే అంటారు. ఫతే అంటే విజయం. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినపుడు మొగలు సైన్యం అక్కడ విడిదిచేసిందనీ, కోట పడిపోయిన తరువాత ఆ గెలుపుకు గుర్తుగా ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. అంటే మనం ఆటల మైదానమని పిలుచుకుంటున్న నేల మీద మొదట నిలిచిన గుర్తు ఒక రాజ్యం మరొక రాజ్యాన్ని మింగిన గుర్తు. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు.

యీ నగరానికి ఫుట్‌బాల్‌లో ఒక మహోజ్జ్వలమైన దశ వుండేదని నేటి విద్యార్థులలో చాలామందికి తెలియదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోను, 1957-58లోను గెలుచుకుంది. యీ విజయాల వెనుక వున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానం పొందింది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచింది. అప్పటికే కాన్సరు ఆయన వూపిరితిత్తులను తినేస్తూ వుంది. 1963 జూన్‌లో ఆయన మరణించాడు.

రహీం చేసిన పనిలో గమనించవలసినది ఆ కప్పుల జాబితా కాదు. కుర్రవాళ్లకు ఎడమకాలితో మాత్రమే ఆడాలని పోటీలు పెట్టేవాడు. బంతిని దగ్గర వుంచుకోకుండా వెంటనే అందించాలనే నియమంతో పోటీలు పెట్టేవాడు. అంటే ఆటను ఒక్కడి గారడీగా కాక, పదకొండుగురు కలిసి చేసే పనిగా నేర్పాడు. ఇలాంటి విద్యకు కావలసినది నేల, బంతి, సాయంత్రం, ఒక మంచి ఉపాధ్యాయుడు. గ్యాలరీ యీ జాబితాలో లేదు. పాతబస్తీకి దక్షిణాన వున్న బార్కస్, నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిల బారకాసులనుండి పేరు తెచ్చుకున్న బస్తీ. ఉత్తరాన బొల్లారం, అమ్ముగూడ కంటోన్మెంటు నీడన పెరిగిన పేటలు. సైన్యాల పక్కన ఖాళీ నేల వుంటుంది. ఖాళీ నేల వున్నచోట పేదపిల్లలు బంతి పట్టుకుని చేరతారు. ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరాం అమ్ముగూడ కుర్రవాడే.

ఇక్కడ ఒక చిక్కును దాటవేయడం మనకు తగదు. రోవర్స్ కప్పు గెలుస్తున్న 1950, 1951 సంవత్సరాలలోనే తెలంగాణ పల్లెలలో రైతాంగ సాయుధ పోరాటం మీద ప్రభుత్వబలగాల దమనకాండ సాగుతూ వుంది. పోరాట విరమణ జరిగింది 1951 అక్టోబరులో. అలాంటప్పుడు ‘పోలీసు’ అనే మాట చొక్కా మీద వేసుకున్న జట్టు గెలిస్తే ప్రజలు ఎందుకు సంతోషించారు? దీనికి తేలిక సమాధానాలు రెండు వున్నాయి. ప్రజలు మోసపోయారనేది ఒకటి. ఆటకు రాజకీయాలతో పని లేదనేది రెండవది. రెండూ తప్పే. ఆనాడు పేద ముస్లిం, క్రైస్తవ, దళిత కుటుంబాల కుర్రవాడికి ఫుట్‌బాల్ వచ్చితే పోలీసులోనో, సైన్యంలోనో, రైల్వేలోనో వుద్యోగం దొరికే అవకాశం వుండేది. రాజ్యం తన అవసరం కోసం యూనిఫాం ఇచ్చింది. కుర్రవాడు తన అవసరం కోసం దానిని తొడుక్కున్నాడు. చూసేవారికి ఆ యూనిఫాం లోపల వున్న తమ గల్లీవాడు కనిపించాడు. అయితే అభిమానం గల్లీదయినా, జట్టు పగ్గాలు శాఖవే. శాఖకు ఆసక్తి తగ్గిననాడు జట్టు నిలవలేదు. జనం జట్టును ప్రేమించారు గాని, దానిని నిలబెట్టే హక్కు వారి చేతిలో ఎన్నడూ లేదు. హైదరాబాదు ఫుట్‌బాల్ విషాదానికి వేరు ఇక్కడ వున్నది.

2

ఇదే కాలంలో కలకత్తాలో జరిగినదానిని పక్కన పెట్టి చూస్తే సంగతి స్పష్టపడుతుంది. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ వంటి క్లబ్బులకు సభ్యులు, చందాలు, పాడాలలో పాతుకుపోయిన అభిమానం వున్నాయి. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుండి వచ్చిన కాందిశీకులు ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో తమ పోయిన వూరును చూసుకున్నారు. ఆటగాడికి డబ్బు ఇవ్వగల స్తోమత ఆ క్లబ్బులకు వున్నది. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ చేరాడు; తరువాత దానికి నాయకుడయ్యాడు. తన చివరి రోజులు కూడా బెంగాల్‌లోనే గడిపి 2023 ఫిబ్రవరిలో మరణించాడు. హైదరాబాదు కుర్రవాడు మహమ్మద్ హబీబ్ సంగతీ అంతే. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినపుడు ఒక గోలు హబీబ్‌ది. ఆ గోలును కళ్లారా చూసినది కలకత్తా జనం. మన వూరివాళ్లు మరునాడు పత్రికలో చదువుకున్నారు.

హైదరాబాదు ఆటగాణ్ని కన్నది; కలకత్తా అతనికి గ్యాలరీని ఇచ్చింది. కాని కలకత్తా గ్యాలరీ కూడా పూలపాన్పు కాదు. పెద్ద ఫుట్‌బాల్ ఆటలను క్రికెట్ కోసం కట్టిన ఈడెన్ గార్డెన్స్‌లో పెట్టేవారు. 1980 ఆగస్టు 16న అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడుతుండగా గ్యాలరీలో కొట్లాట చెలరేగి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. 1984లో సాల్ట్ లేక్ స్టేడియం తెరిచారు. 1997 జూలై 13న అదే రెండు జట్ల ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్‌కు 1,31,781 మంది వచ్చారు. 2017లో పదిహేడేళ్లలోపు కుర్రవాళ్ల ప్రపంచకప్పు వచ్చేసరికి, సిమెంటు మెట్ల మీద విడివిడి కుర్చీలు బిగించి ఆ సంఖ్యను బాగా తగ్గించారు. గ్యాలరీ చరిత్ర అంటే ఎప్పుడూ పెరగడమే కాదని దీనివల్ల తెలుస్తుంది. ఒక మనిషికి ఎంత చోటు కావాలనే ప్రశ్నకు సమాజం కాలానికి ఒక రకంగా జవాబు చెబుతుంది. ఆ జవాబు ఎంత రక్తంతో రాయబడిందో తెలియాలంటే యీ ఆట పుట్టిన దేశానికి వెళ్లవలసి వుంటుంది.

3

బ్రిటన్‌లో కార్మికులకు శనివారం మధ్యాహ్నం సెలవు దొరికిన తరువాతనే ఫుట్‌బాల్ జనం ఆట అయింది. గేటు దగ్గర వసూలయ్యే డబ్బు చూసి క్లబ్బులు కంపెనీలయ్యాయి. మైదానం చుట్టూ కట్టిన కట్టడాలలో వర్గసమాజం బొమ్మ గీసినట్లు కనిపిస్తుంది. ఒక పక్క పైకప్పు, కుర్చీలు గల స్టాండు, అది వున్నవారిది. మిగిలిన మూడు పక్కలా మట్టికట్టలు, మెట్లు. వానలో తడుస్తూ నిలబడి చూసే చోటు కార్మికులది. లివర్‌పూల్ నగరంలోని ఆన్‌ఫీల్డ్ మైదానంలో అలాంటి మట్టికట్టకు 1906లో స్పయాన్ కాప్ అని పేరు పెట్టారు. 1900లో బోయర్ యుద్ధంలో ఆ పేరుగల కొండ మీద ఆ ప్రాంతపు సిపాయిలు ఎందరో చచ్చిపోయారు. మన ఫతే మైదాన్‌లాగే అక్కడా ఆటస్థలానికి యుద్ధం పేరు పెట్టింది. అక్కడ గెలిచినవాడి గుర్తు కాదు, చచ్చినవాడి గుర్తు. అంతే తేడా.

గ్యాలరీ పెంచడం మొదటినుండీ తొందరపనిగానే సాగింది. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో ఇనుప చట్రం మీద చెక్కలు పరచి ఎత్తయిన స్టాండు కట్టారు. 1902 ఏప్రిల్ 5న ఇంగ్లండు, స్కాట్లండు ఆడుతుండగా చెక్కలు విరిగి జనం కిందికి జారిపోయారు. 25 మంది చనిపోయారు. ఇంజనీరు తప్పు కలపదన్నాడు. కలప సప్లయి చేసినవాడి మీద కేసు నడిచి, అతడు నిర్దోషిగా బయటపడ్డాడు. టికెట్లు అమ్మినవారిని అడిగిన దిక్కు లేదు. 1971 జనవరి 2న అదే మైదానంలో బయటికి పోయే మెట్లదారిలో నలిగి 66 మంది చనిపోయారు. దాని తరువాతనే 1975లో ఆటస్థలాల భద్రతా చట్టం వచ్చింది. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో పాత చెక్క స్టాండు అంటుకుని 56 మంది చనిపోయారు. దానిని మరమ్మతు చేయడానికి తెచ్చిన ఉక్కు అప్పటికే అక్కడికి చేరి వున్నది. ఆ ఆట అయిన తరువాత పని మొదలు కావలసింది!

మన ప్రస్తుత విషయానికి అన్నిటికంటె దగ్గరిది కోర్సికా ద్వీపంలోని బాస్టియా పట్టణంలో జరిగింది. అక్కడి ఫ్యూరియానీ మైదానంలో 1992 మే 5న మార్సెయ్ జట్టుతో ఫ్రెంచి కప్పు సెమీఫైనల్. పెద్ద జట్టు వస్తున్నది, టికెట్లకు గిరాకీ వున్నది. వెంటనే పాత చిన్న స్టాండును పడగొట్టి, దాని స్థానంలో కొద్దిరోజులలో వేల మందికి సరిపోయే తాత్కాలిక గ్యాలరీని గొట్టాలతో నిలబెట్టారు. ఆట మొదలు కాకముందే దాని పైభాగం కూలిపోయింది. ఆ ప్రమాదంలో 18 మంది చనిపోయారు, రెండువేల మందికి పైగా గాయపడ్డారు.

ఇంత ప్రాణనష్టం తరువాత నేర్చుకున్న లెక్కలు ఇవి. నిలబడి చూసే గ్యాలరీలో పది చదరపు మీటర్లకు 47 మందికి మించి వుండకూడదని బ్రిటన్‌లో భద్రతా మార్గదర్శకం చెబుతుంది. ఎనిమిది నిమిషాలలోపు అందరూ బయటపడగలిగేలా దారులు వుండాలని కూడా చెబుతుంది. గ్యాలరీ సామర్థ్యాన్ని కొలిచేటపుడు మెట్లు ఎన్ని అని మాత్రమే చూడరు. మెట్లు, లోపలికి వచ్చే గేట్లు, బయటికి పోయే దారులు - వీటిలో ఏది తక్కువమందికి సరిపోతే అదే ఆ గ్యాలరీ సామర్థ్యం. గోలు పడినపుడు వేలమంది ఒక్కసారి ఎగిరితే కట్టడం మీద పడే బరువు, వారు కూర్చున్నప్పటి బరువుకంటె ఎంతో ఎక్కువ. కాబట్టి పాత గ్యాలరీ మీద మరో పది మెట్లు వేయడమంటే పాత పునాదికి, పాత తలుపులకు కొత్త పరీక్ష పెట్టడమే.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఇనుప కంచెల మధ్య నలిగినవారిలో 97 మంది చివరకు ప్రాణాలు కోల్పోయారు. పోలీసులూ, కొన్ని పత్రికలూ నేరాన్ని ప్రేక్షకుల తాగుబోతుతనం మీదికి నెట్టాయి. చనిపోయినవారి తల్లిదండ్రులు 27 ఏళ్లు పోరాడారు. 2016లో విచారణ న్యాయనిర్ణేతలు అవి చట్టవిరుద్ధంగా జరిగిన హత్యలని, తప్పు ప్రేక్షకులది కాదని తేల్చారు. ఆ దుర్ఘటన తరువాత పెద్ద మైదానాలలో అందరికీ కుర్చీలు పెట్టారు. భద్రత వచ్చింది. దాని వెంట ధరలు కూడా పైకి లేచాయి. కార్మికుడు ప్రాణాలతో బయటపడ్డాడు గాని, గ్యాలరీ నుండే బయటపడ్డాడు.

లివర్‌పూల్ ఆన్‌ఫీల్డ్‌లో ప్రధాన స్టాండును పెంచిన కథలో యీ ధోరణి అంతా ఒకచోట కనిపిస్తుంది. స్టాండును వెనక్కి జరిపి పెంచాలంటే దాని వెనుక వీధులలోని ఇళ్లు అడ్డు. క్లబ్బు ఏళ్ల తరబడి ఒక్కొక్క ఇల్లే కొంటూ, కొన్నవాటిలో చాలావాటిని ఖాళీగా వదిలేస్తూ వచ్చింది. ఖాళీ ఇళ్ల మధ్య మిగిలినవారి బతుకు దుర్భరమైంది. చివరకు 2016లో కొత్త స్టాండు తెరిచారు. మైదానంలో 54 వేలమందికి చోటు ఏర్పడింది. అది తెరవకముందే అందులో కొన్ని సీట్లకు 77 పౌండ్ల టికెట్ ప్రకటించారు. అప్పుడు ప్రేక్షకులు ఏం చేశారు? 2016 ఫిబ్రవరి 6న ఆట 77వ నిమిషానికి చేరగానే సుమారు పదివేలమంది లేచి బయటికి నడిచారు. కొద్దిరోజులలోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను వెనక్కు తీసుకున్నారు. గ్యాలరీని ఖాళీ చేయగలిగినవాడే గ్యాలరీకి నిజమైన యజమాని అని ఆనాడు రుజువయింది.

భద్రత కావాలంటే ధర తప్పదనే వాదన కూడా నిలవదు. జర్మనీలో డార్ట్‌మండ్ మైదానపు దక్షిణ గ్యాలరీలో సుమారు 25 వేలమంది, వరుసవరుసకూ కట్టిన కమ్మీల మధ్య, తక్కువ టికెట్‌తో నిలబడి చూస్తారు. క్లబ్బులో సగానికి మించిన ఓటు సభ్యుల చేతిలో వుండాలని ఆ దేశపు లీగులో నియమం వున్నది. ఆ నియమానికీ ఆ చవక టికెట్‌కూ సంబంధం లేదనుకోవడం అమాయకత్వం.

4

ఇప్పుడు తిరిగి మన ఫతే మైదాన్‌కు వద్దాం. 1963లో రహీం పోయాడు. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. అది ఆ దశకు ముగింపు వంటిది. ఆ తరువాత కూడా ఆటగాళ్లు రాలేదని కాదు; షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివారు వచ్చారు. వారు కూడా కలకత్తా దారి పట్టారు. ఇంతలో ఫతే మైదాన్ గ్యాలరీకి వేరే పనులు దొరికాయి. 1955లో, 1969లో, 1988లో అక్కడ క్రికెట్ టెస్టులు జరిగాయి. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు, 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది అక్కడే. వేలాది ప్రజలు తమ ప్రభుత్వం ఏర్పడడాన్ని చూడడానికి వస్తే అభ్యంతరం చెప్పవలసిన పని లేదు. కాని ఒక సంగతి గమనించాలి. అక్కడ గ్యాలరీ నిండింది. ఆట మాత్రం లేదు.

2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు వచ్చాయి. గచ్చిబౌలిలో కొత్త స్టేడియం లేచింది. అక్కడినుండి బార్కస్ నగరానికి ఆ చివర. 2008లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఛాలెంజ్ కప్పును హైదరాబాదులో పెట్టారు. వానకు మైదానాలు చిత్తడి అయిపోవడంతో ఫైనల్ ఆటను ఢిల్లీకి మార్చవలసి వచ్చింది. ఆగస్టు 13న అక్కడ భారతజట్టు తజికిస్థాన్‌ను 4-1తో ఓడించింది. సిమెంటు మెట్లకు లోటు లేదు. పాదం మోపవలసిన గడ్డికే ఆధారం లేకపోయింది! ఖర్చులో ఏ భాగం జనం కంటికి కనిపించే కట్టడానికి పోతుందో, ఏ భాగం కనిపించని నేలకు పోతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు వచ్చింది. 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌లో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి విజేత అయింది. కరోనా కారణంగా ఆ ఏడాది ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. హైదరాబాదు పేరుగల జట్టు దేశవిజేత అయినపుడు హైదరాబాదు ప్రేక్షకుడు టి.వి. ముందు కూర్చుని వున్నాడు. అది మహమ్మారి తెచ్చిన ఇబ్బంది. ఎవరినీ అనవలసింది లేదు. కాని 2025లో యజమానులు ఆ జట్టును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చివేశారు. గెలిచిన కప్పును నగరం జ్ఞాపకం పెట్టుకోవచ్చు. జట్టును అట్టేపెట్టుకునే హక్కు దానికి లేదు. డెబ్బయ్యేళ్ల కిందట జట్టు శాఖ చేతిలో వుండేది. ఇప్పుడు కంపెనీ చేతిలో వున్నది. ప్రేక్షకుని స్థితి మారలేదు.

2025 డిసెంబరు 13న అర్జెంటీనా ఆటగాడు లియొనెల్ మెస్సీ ఇండియా వచ్చాడు. పగలు కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో, వేల రూపాయలు పెట్టి టికెట్ కొన్నవారికి ఆయన చుట్టూ మూగిన పెద్దమనుషుల వీపులు మాత్రమే కనిపించాయి. జనం కోపంతో కుర్చీలు విరిచి విసిరారు. ఆ సాయంత్రం ఆయనను హైదరాబాదు జనానికి చూపించారు. ఎక్కడ? ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో. రహీం పుట్టిన నగరం ప్రపంచ ఫుట్‌బాల్ వీరుణ్ని క్రికెట్ గ్యాలరీలో కూర్చుని చూసింది. ఆ రాత్రి అక్కడికి వెళ్లిన కుర్రవాళ్లను నేను తప్పుపట్టను. ఆట మీద ప్రేమ చచ్చిపోలేదని వారు చెప్పారు. ఆ ప్రేమ ప్రతి ఆదివారం వెళ్లి కూర్చోవడానికి ఒక చోటు లేదు, చూడడానికి తనదైన జట్టు లేదు. ఏడాదికొకసారి ప్రదర్శన వున్నది, టికెట్ వున్నది.

5

అయితే మనకు గ్యాలరీలు అక్కరలేదా? మన మిత్రులలో కొందరు అలాగే వాదిస్తారు. ప్రేక్షకుల ఆట పాలకవర్గాలు జనాన్ని మభ్యపెట్టే సాధనమనీ, ఆడేవాడే కావాలి గాని చూసేవాడెందుకనీ వారి వాదం. యీ వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని సగం నిజం. నాటకానికి ప్రేక్షకుడు ఎంత అవసరమో ఆటకు అంత అవసరం. వేలమంది ఒక్కచోట చేరి, ఒకే క్షణంలో వూపిరి బిగపట్టి, పక్కవాడి కులమూ మతమూ అడగకుండా భుజం మీద చెయ్యి వేసే చోట్లు మన సమాజంలో ఎన్ని వున్నాయి? అలాంటి చోటును శత్రువుకు వదిలిపెట్టి, అది పనికిమాలినదని తేల్చుకోవడం అభ్యుదయం కాదు. ఆన్‌ఫీల్డ్‌లో లేచి నడిచిన పదివేలమంది ఆ ఐక్యతను గ్యాలరీలోనే నేర్చుకున్నారు.

గ్యాలరీ కావాలి. కాని మన కట్టడాల అనుభవం ఏమిటి? 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు ప్రారంభమయ్యే వేళ తాత్కాలిక గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. బాస్టియాలో ఇరవైతొమ్మిదేళ్ల కిందట రాసిన పాఠాన్ని మనవాళ్లు తెరచి చూడలేదు. అది గ్యాలరీలకే పరిమితమయిన అలవాటు కూడా కాదు. 2007 సెప్టెంబరు 9న పంజాగుట్టలో నిర్మాణంలో వున్న ఫ్లైఓవరులో ఒక భాగం కూలి, కింద పోతున్నవారి ప్రాణాలు తీసింది. 2019 సెప్టెంబరులో అమీర్‌పేట మెట్రో స్టేషను కింద వానకు ఒదిగి నిలబడిన యువతి మీద పెచ్చు వూడిపడి ఆమె చనిపోయింది. రోజూ ఆ స్తంభాల కిందనుండే నా విద్యార్థులు క్లాసుకు వస్తారు. పైకి కట్టేవాడు కిందివాణ్ని లెక్కలో వేసుకోకపోవడమనేది ఫ్లైఓవరుకూ గ్యాలరీకీ ఒకే జబ్బు.

కాబట్టి రేపు ఏ పాత గ్యాలరీని పెంచుతామన్నా మనం అడగవలసినవి కొన్ని వున్నాయి. పాత పునాదిని పరీక్షించిన నివేదికను ప్రజల ముందు పెట్టాలి. ఎన్ని సీట్లు పెరుగుతాయో చెప్పినపుడే ఎన్ని గేట్లు పెరుగుతాయో చెప్పాలి. పెరిగిన చోటులో కొంతభాగాన్ని విద్యార్థి, కూలి కొనగలిగిన ధరకు శాశ్వతంగా వుంచాలి. ఆడవాళ్లు పిల్లలతో వచ్చి నిర్భయంగా కూర్చునే ఏర్పాటు వుండాలి. వీటన్నిటికంటె ముందు, సీట్లు పెరిగిన మైదానంలో ఏడాది పొడుగునా బడుల జట్లు, బస్తీల జట్లు ఆడే లీగు వుండాలి. అది లేకుండా పెంచిన గ్యాలరీ సభలకూ ప్రదర్శనలకూ వేదిక అవుతుంది గాని ఫుట్‌బాల్‌ను పెంచదు.

మా విద్యార్థికి ఇప్పుడు నేను చెప్పగల జవాబు ఇది: "స్టేడియం పెద్దదయితే ఫుట్‌బాల్ బాగుపడదు నాయనా, ఫుట్‌బాల్ బాగుపడితే స్టేడియం చాలదు. ఆనాడు పెంచమని అడుగు, నీతో నేనూ వచ్చి అడుగుతాను. ఈలోగా నువ్వు గంటకింత అని అద్దె కట్టి ఆడే ఆ నేల, ఒకప్పుడు ఎవరూ అద్దె కట్టకుండా ఆడుకున్న నేల ఎలా మాయమయిందో అడుగు." రహీం బడిపంతులు. ఎడమకాలితో బంతి తన్నమని పిల్లలకు చెప్పడానికి ఆయనకు గ్యాలరీ అక్కరలేకపోయింది. బడి పక్కన ఖాళీ నేల చాలింది. అధ్యాపకులమైన మనం మన బడుల, కాలేజీల ఆటస్థలాలను ఒక్కొక్క గజమే పోగొట్టుకుంటూ చూస్తూ వూరుకుంటున్నాం. ముందుగా కాపాడవలసిన మెట్టు అది. దానిమీదనే మిగిలిన మెట్లన్నీ లేస్తాయి.